బట్టతలకు మాత్ర మొదలుపెట్టే ముందు: మగవాళ్లు బయటికి అడగలేని ప్రశ్నలు, వాటికి జవాబులు

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్‌లో బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని ప్రచారం చేస్తే యువకులు బారులు తీరిన దృశ్యాలు మనమంతా చూశాం. గుండు గీశారు, ఏదో మందు పూశారు, పంపించారు. ఆ తర్వాత కొందరికి తల మీద మంట, దద్దుర్లు వచ్చాయని వార్తలొచ్చాయి. ఆ వీడియోలు చూసి చాలామంది నవ్వుకున్నారు. కానీ ఎండలో అంతసేపు నిలబడిన వాళ్ల బాధ మాత్రం నవ్వులాట కాదు.

ఆ బాధ ఆర్మూర్‌లోనూ ఉంది. ఇక్కడ పసుపు తవ్వే చేతులు ఎన్నో, గల్ఫ్‌కు టికెట్ కట్టిన చేతులూ అన్నే. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే అబ్బాయికి ఆ నెల రోజుల్లోనే రిష్తా కుదరాలి. వాట్సాప్‌లో ఫొటో పంపమంటారు. టోపీ పెట్టుకున్న ఫొటో పంపితే "టోపీ లేకుండా ఒకటి పంపండి" అని జవాబు వస్తుంది. అప్పుడు మొదలవుతుంది మెడికల్ షాపు కౌంటర్ దగ్గర గుసగుస: "భాయ్, జుట్టుకు మాత్ర ఉందట కదా, అది ఇవ్వండి."

మాత్ర ఉంది. పనిచేస్తుంది కూడా. కానీ దాని గురించి తెలియాల్సిన విషయాలు కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో తేలవు. ఇంట్లో అబ్బాను అడగడానికి సిగ్గు, డాక్టర్‌ను అడగడానికి మొహమాటం. అందుకే ఆ ప్రశ్నలను ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది వంశపారంపర్య బట్టతలేనా?

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దిండు మీద నాలుగు వెంట్రుకలు కనిపించగానే భయపడక్కర్లేదు.

మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు ఒక దారి ఉంటుంది. నుదుటి రెండు మూలలూ వెనక్కి జరుగుతాయి. నడినెత్తిన పలచబడుతుంది. తల వెనుక భాగం, చెవుల పైన మాత్రం జుట్టు నిలబడుతుంది. ఇది నెమ్మదిగా, ఏళ్ల తరబడి జరుగుతుంది. వెంట్రుకలు కుచ్చులుగా ఊడవు, సన్నబడుతూ పోతాయి.

ఇలా కాకుండా ఉంటే కారణం వేరే ఉండొచ్చు. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు తలంతా ఒకేలా రాలితే అది చాలావరకు తాత్కాలికమే, కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. రూపాయి బిళ్లంత మేర ఉన్నట్టుండి నున్నగా అయితే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. అది రోగనిరోధక వ్యవస్థ పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వచ్చేది, దాని చికిత్స వేరు. దురద, పొలుసులు ఉంటే తామరో, చుండ్రో చూడాలి. థైరాయిడ్, రక్తహీనత కూడా జుట్టును రాలుస్తాయి.

మన పక్క రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2024 చివర్లో, 2025 జనవరిలో మహారాష్ట్ర బుల్ధానా జిల్లా షేగావ్ ప్రాంతపు పల్లెల్లో ఆడా మగా తేడా లేకుండా జనానికి రోజుల వ్యవధిలో జుట్టు ఊడిపోయింది. తిన్న గోధుమల్లో సెలీనియం అతిగా ఉండటమే కారణమని డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తన పరిశీలనలో చెప్పారు. అలాంటి చోట బట్టతల మాత్ర మింగితే ఏం లాభం? రోగం ఒకటైతే మందు మరొకటి అవుతుంది. కాబట్టి మొదటి మెట్టు మెడికల్ షాపు కాదు, చర్మవ్యాధుల డాక్టర్.

మామూకు బట్టతల ఉంటే నాకూ వస్తుందా?

"మేనమామ పోలిక" అని మన ఇళ్లలో అంటుంటారు. అందులో కొంత నిజం ఉంది. ఈ బట్టతలలో ముఖ్యపాత్ర ఉన్న ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది మగపిల్లాడికి తల్లి నుంచే వస్తుంది. కానీ అదొక్కటే కాదు. బ్రిటన్‌లో 52 వేల మంది మగవాళ్ల జన్యువులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో బట్టతలతో సంబంధమున్న జన్యుస్థానాలు 280కి పైగా బయటపడ్డాయి. అవి అమ్మ వైపు నుంచీ వస్తాయి, అబ్బా వైపు నుంచీ వస్తాయి. కాబట్టి తప్పు అమ్మీ పుట్టింటి మీద వేయకండి.

జరిగేది ఇదీ. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను శరీరంలోని ఒక ఎంజైమ్ డీహెచ్‌టీ అనే మరింత ఘాటైన హార్మోన్‌గా మారుస్తుంది. పుట్టుకతోనే డీహెచ్‌టీకి లొంగే గుణమున్న కుదుళ్లు దాని ప్రభావంతో ఏటికేడు కుంచించుకుపోతాయి. లావు వెంట్రుక నూగుగా మారి, చివరికి కనిపించకుండా పోతుంది.

ఈ సంగతి ఎలా తెలిసిందో వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపం ఉంది. వాళ్లకు పెద్దయ్యాక బట్టతల రావడం లేదని, ప్రోస్టేట్ గ్రంథి కూడా చిన్నగానే ఉంటోందని డాక్టర్ జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం గమనించింది. వారి పరిశోధన 1974లో అచ్చయింది. ఆ ఎంజైమ్‌ను మందుతో అడ్డుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచే ఫినాస్టరైడ్ పుట్టింది.

గల్ఫ్ నీళ్లు, టోపీ, హెల్మెట్: ఇవి కారణమా?

"దుబాయ్ పోకముందు ఇంత జుట్టు ఉండె, ఆ నీళ్లకే పోయింది" అనే మాట మన దగ్గర ప్రతి గల్లీలో వినిపిస్తుంది. ఆ నీళ్లకు వెంట్రుక పొడిబారొచ్చు, చిట్లొచ్చు. కానీ నుదుటి మూలలు వెనక్కి జరగడం, నడినెత్తి పలచబడటం నీళ్ల వల్ల జరిగేవి కావు. ఇరవై, ముప్పై ఏళ్ల వయసులోనే మన కుర్రాళ్లు గల్ఫ్‌కు వెళ్తారు, ఈ బట్టతల బయటపడే వయసు కూడా అదే. రెండూ ఒకేసారి జరిగేసరికి నింద నీళ్ల మీదికి పోతుంది.

నమాజ్ టోపీ వల్లా, హెల్మెట్ వల్లా ఈ బట్టతల రాదు. హెల్మెట్ తీసి పక్కన పెట్టకండి, జుట్టు కన్నా తల ముఖ్యం.

రుజువున్న మందుల్లో ముఖ్యమైనవి రెండు

వీటిలో మొదటిది మినాక్సిడిల్, రెండోది ఫినాస్టరైడ్.

మినాక్సిడిల్ నిజానికి బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి, దాన్ని తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో మగవాళ్ల బట్టతలకు అనుమతి వచ్చింది. మగవాళ్లకు సాధారణంగా 5 శాతం ద్రావణం. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఒక మిల్లీలీటరు, ఆరిన తల చర్మం మీద రాయాలి. జుట్టుకు కాదు, చర్మానికి. రాశాక చేతులు కడుక్కోవాలి.

మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొందరికి జుట్టు ఇంకా ఎక్కువగా రాలొచ్చు. చాలామంది అక్కడే భయపడి సీసా పారేస్తారు. పాత వెంట్రుక పోయి కొత్తది వచ్చే క్రమంలో ఇది జరుగుతుంది, కొద్ది వారాల్లో ఆగుతుంది. ఫలితం కనిపించడానికి నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. తల దురద, పొలుసులు రావొచ్చు. గుండె దడ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కాళ్లవాపు వస్తే ఆపేసి డాక్టర్‌కు చూపించుకోవాలి. సీసా పిల్లలకు అందకుండా ఉంచాలి, పొరపాటున తాగితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు కొంచెం నాకినా దాని ప్రాణానికే ముప్పు.

ఫినాస్టరైడ్ నోటి మాత్ర. ముందు 5 మిల్లీగ్రాముల మోతాదులో ప్రోస్టేట్ వాపుకు 1992లో, తర్వాత 1 మిల్లీగ్రాము మోతాదులో బట్టతలకు 1997లో అమెరికాలో అనుమతి పొందింది. రక్తంలో డీహెచ్‌టీని ఇది మూడింట రెండొంతుల దాకా తగ్గిస్తుంది. 18 నుంచి 41 ఏళ్ల మగవాళ్లు 1,553 మందితో జరిగిన పరీక్షల్లో, రెండేళ్లు మాత్ర వాడినవాళ్లలో 83 శాతం మందికి ఉన్న జుట్టు నిలిచింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో నిలిచింది 28 శాతం మందికే.

ఆ మాటను సరిగ్గా చదవండి: "నిలిచింది". కొందరికి కొంత జుట్టు తిరిగి వస్తుంది, ముఖ్యంగా నడినెత్తిన. కానీ ఈ మందు అసలు పని ఉన్నదాన్ని కాపాడటం. ఏళ్ల క్రితమే నున్నగా అయిన చోట పొలం మళ్లీ పండదు.

రెండు మందులకూ ఒకే షరతు: వాడినన్నాళ్లే ఫలితం. మానేస్తే కొన్ని నెలల్లో, ఏడాదిలోపే, వచ్చింది పోతుంది. "పెళ్లి దాకా వాడి ఆపేస్తా" అనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

దాంపత్య జీవితం మీద ప్రభావం ఉంటుందా?

అందరి మనసులో ఉండి, ఎవరూ నోరు విప్పి అడగని ప్రశ్న ఇదే. ఉండొచ్చు, కానీ ఎక్కువమందికి ఉండదు. అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, వీర్యం పరిమాణం తగ్గడం లాంటివి కలిపి చూస్తే మాత్ర వాడినవాళ్లలో 3.8 శాతం మంది చెప్పారు. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలోనూ 2.1 శాతం మంది చెప్పారు. అంటే వందలో నలుగురికి దగ్గరగా, అందులోనూ సగం మాత్రతో సంబంధం లేకుండానే.

చాలామందికి ఇవి మందు ఆపితే, కొందరికి వాడుతుండగానే తగ్గిపోయాయి. అయితే మాత్ర ఆపాక కూడా సమస్య కొనసాగిందని చెప్పినవాళ్లు ఉన్నారు. 2012లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆ విషయాన్ని మందు సమాచార పత్రంలో చేర్చింది. అలాంటిది అరుదు, కానీ దాన్ని దాచి మందు అమ్మడం న్యాయం కాదు.

అందుకే ఒక సలహా. నికాహ్ తేదీ దగ్గర పెట్టుకుని కొత్తగా ఈ మాత్ర మొదలుపెట్టకండి. కొత్త కాపురంలో ఉండే సహజమైన కంగారు ఏదో, మందు ప్రభావం ఏదో తేల్చుకోలేరు. పెళ్లయినవాళ్లు భార్యకు చెప్పి వాడండి. చెప్పకుండా వాడి, తేడా వచ్చాక ఆమె "నా మీద ఇష్టం పోయిందేమో" అని లోలోపల కుమిలిపోయే పరిస్థితి తేవద్దు.

పిల్లలు పుట్టడానికి అడ్డమా?

ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో 1 మిల్లీగ్రాము మోతాదుతో చేసిన పరీక్షలో వీర్యకణాల మీద చెప్పుకోదగ్గ చెడు కనిపించలేదు. కానీ ముందే కణాలు తక్కువగా ఉన్న కొందరిలో ఇంకా తగ్గాయని, ఆపాక మెరుగయ్యాయని డాక్టర్లు నమోదు చేశారు. కాబట్టి పెళ్లయి ఏడాది దాటినా సంతానం కలగకపోతే, పరీక్షలు చేసే డాక్టర్‌కు "నేను ఫినాస్టరైడ్ వాడుతున్నా" అని తప్పక చెప్పండి. మన దగ్గర ఇలాంటప్పుడు పరీక్షలన్నీ కోడలికే చేయిస్తారు. అబ్బాయి జేబులోని మాత్ర సంగతి ఎవరూ అడగరు.

గర్భంతో ఉన్న స్త్రీలు పగిలిన, పొడి చేసిన ఫినాస్టరైడ్ మాత్రను ముట్టుకోకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డ జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. పూత ఉన్న నిండు మాత్రను తాకితే భయం లేదు.

అబ్బా వాడే ప్రోస్టేట్ మాత్రనే నాలుగు ముక్కలు చేసి వేసుకోవచ్చా?

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. మందు ఒకటే, మోతాదు వేరు. 5 మిల్లీగ్రాముల మాత్రను బ్లేడుతో కోస్తే ముక్కలు సమానంగా రావు. పొడి బల్ల మీద, బట్ట మీద పడుతుంది. ఇంట్లో కడుపుతో ఉన్న వదినో, చెల్లెలో ఉంటే ఆ పొడే ముప్పు. డబ్బు ఆదా కోసం ఇలా చేయకండి.

పెద్దవాళ్లకూ ఒక మాట. ఫినాస్టరైడ్ వాడితే ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానంతో చేసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో అంకె దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. డాక్టర్‌కు చెప్పకపోతే "అంతా బాగుంది" అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. బట్టతల కోసం 1 మిల్లీగ్రాము వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మనసు మీద కూడా పనిచేస్తుందా?

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2025 మేలో యూరప్ ఔషధ సంస్థ భద్రతా కమిటీ, ఫినాస్టరైడ్ మాత్రల దుష్ప్రభావాల్లో ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయని నిర్ధారించింది. వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం బట్టతలకు 1 మిల్లీగ్రాము వాడినవాళ్లవే. ఎంతమందికి వస్తుందో లెక్క తేలలేదు. వాడేవాళ్ల సంఖ్యతో పోలిస్తే మందు ప్రయోజనమే ఎక్కువని కూడా ఆ సంస్థ చెప్పింది.

మన యువకులకు దీని అర్థం ఏమిటి? ఇంటికి దూరంగా, లేబర్ క్యాంపులో, అప్పు తీర్చే ఒత్తిడిలో ఉన్నవాళ్లకు దిగులు ముందే ఉంటుంది. గతంలో డిప్రెషన్ ఉన్నవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా ఈ మాత్ర ముట్టుకోవద్దు. వాడుతుండగా నిద్ర పట్టకపోవడం, ఏదీ నచ్చకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి కనిపిస్తే ఆ రోజే మాత్ర ఆపి డాక్టర్‌ను కలవండి. మన దేశంలో టెలిమానస్ ఉచిత నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. దిగులు గురించి మాట్లాడటం ఈమాన్ తక్కువ కావడం కాదు.

వుజూ, రోజా, హలాల్ సంగతులు

రోజా: ఫినాస్టరైడ్ రోజుకు ఒక్కటే, అన్నంతోనైనా, ఖాళీ కడుపుతోనైనా వేసుకోవచ్చు. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాతో, సహ్రీలోనో వేసుకుంటే సరిపోతుంది. తలకు నూనె రాస్తే రోజా పోనట్టే, రాసే మందుతోనూ పోదని ఉలమాలు చెబుతారు.

వుజూ: మినాక్సిడిల్ ద్రావణం ఆరాక పెయింట్ లాగా మందపు పొర కట్టదు. కానీ మందు చర్మంలోకి ఇంకడానికి నాలుగు గంటలు తల కడగొద్దని డాక్టర్లు చెబుతారు. మసహ్‌కు తడిచేతితో తుడవడం తల కడగడం లాంటిది కాదు. అయినా ఫజ్ర్ తర్వాత ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి రాసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

ఆల్కహాల్: చాలా మినాక్సిడిల్ ద్రావణాల్లో ఆల్కహాల్ ఉంటుంది. పైపూతగా వాడే మందుల్లోని కృత్రిమ ఆల్కహాల్‌ను ఈ కాలపు ముఫ్తీలు చాలామంది అనుమతిస్తున్నారు. మనసులో సందేహం ఉంటే సీసా పట్టుకెళ్లి మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. ఆల్కహాల్ లేని రకాలు కావాలని డాక్టర్‌ను అడిగినా తప్పులేదు.

జెలటిన్: ఫినాస్టరైడ్ మాత్ర రూపంలో వస్తుంది. డ్యుటాస్టరైడ్ మాత్రం మెత్తటి జెలటిన్ క్యాప్సూల్. ఆ జెలటిన్ దేనితో చేశారో కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

ఉమ్రా, హజ్: హల్క్ చేయించుకున్నాక తల మీద గాట్లు, మంట ఉంటే అవి మానేదాకా మినాక్సిడిల్ రాయకండి. గాయపడిన చర్మం ద్వారా మందు ఎక్కువగా రక్తంలోకి పోతుంది. గుండు గీయించుకుంటే కుదుళ్లు చావవు, ఎంత ఉన్నదో అంతే మళ్లీ మొలుస్తుంది. ఇహ్రామ్‌లో సుగంధం ఉన్నది వాడటం గురించి వెళ్లేముందే అడిగి తెలుసుకోండి.

రక్తదానం: ఫినాస్టరైడ్ వాడుతూ రక్తం ఇవ్వకూడదు. ఆపాక ఒక నెల, డ్యుటాస్టరైడ్ అయితే ఆరు నెలలు ఆగాలి. ఆ రక్తం గర్భిణికి ఎక్కించే అవకాశం ఉంటుంది కాబట్టి ఈ నియమం. మీలాద్ రక్తదాన శిబిరాల్లో ముందుండే యువకులు ఇది మరవొద్దు.

"ఇంకా స్ట్రాంగ్" మందులు

డ్యుటాస్టరైడ్ డీహెచ్‌టీని ఇంకా ఎక్కువగా తగ్గిస్తుంది. దక్షిణ కొరియా, జపాన్ దీన్ని బట్టతలకు అనుమతించాయి, అమెరికా అనుమతించలేదు. ఒంట్లో నుంచి పోవడానికి నెలలు పడుతుంది, అంటే దుష్ప్రభావం వచ్చినా వెంటనే వదలదు. నోటి ద్వారా తక్కువ మోతాదు మినాక్సిడిల్‌ను కొందరు డాక్టర్లు ఇస్తున్నారు. అది గుండె, బీపీ చూసి ఇవ్వాల్సిన మందు, స్నేహితుడి చీటీతో కొనే మందు కాదు. ఫినాస్టరైడ్ కలిపిన స్ప్రేలు "పైపూతే కదా, ఏమీ కాదు" అని అమ్ముతున్నారు. అవి కూడా రక్తంలోకి చేరతాయని, మాత్రతో వచ్చే లాంటి సమస్యలే కొందరు చెప్పారని 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

పసుపు, కలోంజీ, గుంటగలగరాకు, బయోటిన్

పసుపు మన ఊరి బంగారం. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. కానీ పసుపు ముద్ద తలకు పట్టిస్తే వంశపారంపర్య బట్టతల తగ్గుతుందనడానికి రుజువు లేదు. కలోంజీ తైలం మన ఇళ్లలో గౌరవంగా వాడేదే, రాసుకోవడంలో తప్పులేదు. గుంటగలగరాకు నూనె, కొబ్బరినూనె, ఆముదం వెంట్రుకను మెత్తగా ఉంచుతాయి. డీహెచ్‌టీని ఆపి కుదురును కాపాడతాయని మాత్రం ఆశపడకండి. నూనెతో ఏళ్లు గడిపి, కుదుళ్లు పోయాక డాక్టర్ దగ్గరికి వస్తే చేసేది తక్కువ.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు సంచుల్లో తెచ్చే బయోటిన్ మాత్రలు, జెల్లీలు కూడా అంతే. ఒంట్లో బయోటిన్ లోపం లేకపోతే దానితో ఒరిగేది లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షలను, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను తప్పుగా చూపించొచ్చు. 2017లో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరిక చేసింది. రక్తం ఇచ్చేముందు ల్యాబ్‌లో చెప్పండి.

"గ్యారంటీ" అన్నారంటే అనుమానించండి

మన దేశంలో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ జే అని ఒకటుంది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు అనే జాబితా అది. అందులో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడమూ ఉంది. అంటే "45 రోజుల్లో జుట్టు, లేదంటే డబ్బు వాపస్" అని రాసిన సీసా చట్టాన్ని దాటిన సీసా.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వెనుక భాగపు సొంత వెంట్రుకలను ముందుకు నాటడం అది. పనిచేస్తుంది, కానీ అది సర్జరీ. యూట్యూబ్ చూసి, వర్క్‌షాపులకు వెళ్లి నేర్చుకున్నంత మాత్రాన చేయదగ్గ పని కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. నాటినవి నిలిచినా, చుట్టూ ఉన్న పాత జుట్టు రాలుతూనే ఉంటుంది. కాబట్టి సర్జరీ తర్వాత కూడా చాలామందికి మందులు తప్పవు. లక్షలు అప్పుచేసే ముందు ఈ మాట తెలుసుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

చర్మవ్యాధుల్లో ఎండీ గానీ, డిప్లొమా గానీ ఉన్న డాక్టర్‌నే చూడండి. ఆర్మూర్ నుంచి బస్సెక్కితే నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి దూరమేమీ కాదు. వెళ్లేటప్పుడు ఇవి చెప్పండి: ఎప్పటి నుంచి రాలుతోంది, ఇంట్లో ఎవరికి ఉంది, ఇటీవల ఏ జ్వరం వచ్చింది, ఏ మందులు వాడుతున్నారు, పెళ్లయిందా, పిల్లల కోసం చూస్తున్నారా, ఎప్పుడైనా దిగులుకు మందు వాడారా. ఒకే చోట, ఒకే వెలుతురులో తల ఫొటో తీసి పెట్టుకోండి. మూడు నెలలకోసారి తీస్తే మందు పనిచేస్తోందో లేదో అద్దం కన్నా ఆ ఫొటోలే నిజం చెబుతాయి. గల్ఫ్‌కు తిరిగి వెళ్లేవాళ్లు చీటీ, బిల్లు దగ్గర ఉంచుకోండి.

18 ఏళ్లలోపు పిల్లలకు ఫినాస్టరైడ్ ఇవ్వకూడదు. ఇంటర్ చదివే అబ్బాయి నుదురు చూసి తల్లిదండ్రులు కంగారుపడి మాత్రలు తేవద్దు.

చివరిగా పెద్దలకు ఒక మాట

మందు వాడాలా వద్దా అన్నది ఆ అబ్బాయి నిర్ణయం. వాడితే తప్పు కాదు, వాడకపోతే లోపం కాదు. ఈ బట్టతల ప్రాణం తీసే జబ్బు కాదు. డాక్టర్ చూపు లేకుండా రహస్యంగా మింగే మాత్రతోనే అసలు ప్రమాదం.

ఆ రహస్యానికి కారణం చాలాసార్లు మనమే. దావత్‌లో పదిమంది ముందు "ఏంరా, అప్పుడే చంద్రుడు కనిపిస్తున్నాడు" అని జోకు వేసేది మన చాచాలు, మామూలే. రిష్తా ఫొటో చూసి జుట్టు లెక్కపెట్టేది మన ఇళ్లలోని వాళ్లే. అబ్బాయి దీన్, అఖ్లాక్, సంపాదన గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, నెత్తి గురించి పది ప్రశ్నలు అడిగితే, వాడు మెడికల్ షాపు కౌంటర్ దగ్గర గుసగుసలాడక ఏం చేస్తాడు? ఇంట్లో గట్టిగా అడిగే వీలు కల్పిస్తే, డాక్టర్ దగ్గరికి అబ్బాతోనే కలిసి వెళ్తాడు.

(ఈ వ్యాసం అవగాహన కోసమే. ఏ మందైనా డాక్టర్ పరీక్షించి రాసిస్తేనే వాడండి.)